మ్యూనిక్ నుంచి వియన్నాకి రెండు రోజులు: అమ్మతో కలిసి ‘యూజీన్ ఒనేగిన్’ చూడాలంటే

మీ ప్రశ్నని ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు మ్యూనిక్‌లో మాస్టర్స్ చేస్తున్నారు. అమ్మగారు నవంబరులో మూడు వారాలకి వస్తున్నారు, ఆవిడ గుంటూరులో పిల్లలకి కర్ణాటక సంగీతం చెప్తారు, అందుకని అందరిలా కోటలు తిప్పే బదులు వియన్నా తీసుకెళ్లి రష్యన్ సంగీతకర్త చైకోవ్‌స్కీ ఒపెరా (అంటే పాటలతోనే నడిచే నాటకం) ‘యూజీన్ ఒనేగిన్’ చూపిద్దామనుకుంటున్నారు. ఇద్దరికీ రష్యన్ రాదు, ఆవిడకి ఇంగ్లీషు చదవడం నెమ్మది, ఇద్దరికీ ఇదే మొదటి ఒపెరా. రెండు రోజుల్లో అవుతుందా, స్టాండింగ్ టికెట్ తీసుకోవచ్చా, చీర కట్టుకుంటే పర్లేదా, ఆవిడకి విసుగొస్తుందా, ఈ రోజుల్లో రష్యన్ ఒపెరాకి వెళ్లడం సబబేనా. ఇవీ మీరు అడిగినవి.

అవుతుంది, వెళ్లండి. నేను పద్నాలుగేళ్లుగా ఇటువైపే ఉంటున్నాను, ఈ ఒపెరాని వేర్వేరు ఊళ్లలో ఏడుసార్లు చూశాను. మొదటిసారి ఒపెరా చూసేవాళ్లు ఎవరడిగినా నేను చెప్పే పేరు ఇదే, అందులోనూ పాట తెలిసిన మనిషికైతే ఇంకో ఆలోచన లేకుండా చెప్తాను. కాకపోతే ఒక షరతు. బయల్దేరే ముందే ఇందులో ఒక పాట ఆవిడ చెవిలో పడి ఉండాలి, ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. టికెట్లూ రైళ్లూ దాని తర్వాత మాట్లాడుకుందాం.

కథ చిన్నదే. పల్లెటూళ్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు, తత్యానా, ఓల్గా. ఓల్గాని చేసుకోబోయే కుర్రాడు లెన్‌స్కీ, కవి. అతను తన స్నేహితుడు ఒనేగిన్‌ని వాళ్లింటికి తీసుకొస్తాడు. ఎప్పుడూ పుస్తకాల్లో మునిగి ఉండే తత్యానా ఆ ఒక్క సాయంత్రంలోనే అతనికి మనసిచ్చేసి, రాత్రంతా కూర్చుని ఉత్తరం రాసి పంపిస్తుంది. అతను తోటలోకి వచ్చి, చాలా మర్యాదగా, నేను పెళ్లికి పనికొచ్చేవాణ్ని కాదు, నువ్వు కూడా కొంచెం నిగ్రహం నేర్చుకో అని చెప్పి వెళ్లిపోతాడు. తర్వాత తత్యానా పేరు పండగనాటి (తన పేరున్న పునీతురాలి రోజు) విందులో ఒనేగిన్ తనకి విసుగ్గా ఉందని, లెన్‌స్కీని ఉడికించడానికి ఓల్గాతో పదేపదే డాన్స్ చేస్తాడు, మాటా మాటా పెరిగి తెల్లవారుజామున పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధం దాకా పోతుంది, లెన్‌స్కీ చచ్చిపోతాడు. కొన్నేళ్ల తర్వాత పీటర్స్‌బర్గ్‌లో పెద్ద విందు, అక్కడ ఒనేగిన్‌కి కనపడ్డ తత్యానా ఇప్పుడు ప్రిన్స్ గ్రెమిన్ భార్య. ఈసారి ఉత్తరం రాసేది అతను. ఆమె వచ్చి, అవును, నువ్వంటే నాకు ఇప్పటికీ ప్రేమే, దాచను, కానీ నేను వేరే ఆయన భార్యని, అలాగే ఉంటాను అని చెప్పి లోపలికి వెళ్లిపోతుంది. అంతే, తెర.

ఇందులో ఆవిడ ముందే వినాల్సింది ఉత్తరం ఘట్టం. మొదటి అంకం రెండో రంగంలో వస్తుంది, పన్నెండు పదమూడు నిమిషాలు ఒక్క గొంతే. ఒక అమ్మాయి ఉత్తరం రాయడానికి అంతసేపా అని వేరేవాళ్లకి అనిపించవచ్చు గానీ మీ అమ్మగారికి అనిపించదు, ఎందుకంటే ఆవిడ భామాకలాపం చూసే ఉంటారు. సత్యభామ కృష్ణుడికి లేఖ రాసి మాధవి చేత పంపించే ఘట్టం గుర్తు చెయ్యండి. ఒక ఆడమనిషి ఒక ఉత్తరం రాస్తుంటే కథ ఆగిపోయి, ఆమె మనసులో అయ్యేదంతా పాటలోకి రావడం మనకి కొత్త కాదు. భామకి ఉన్న అతిశయం తత్యానాకి లేదు, ఈమెది భయం. రాస్తుంది, చింపేస్తుంది, మళ్లీ మొదలుపెడుతుంది, నువ్వు నన్ను కాపాడే దేవతవా, మోసం చెయ్యడానికి వచ్చినవాడివా అని అతన్నే అడుగుతుంది. అక్కడ వచ్చే వరస పైనుంచి మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది, రెండోసారి వినేసరికి ఆవిడ దాన్ని స్వరాల్లో పాడేస్తారు చూడండి. తెల్లవారేసరికి ఆర్కెస్ట్రాలో గొర్రెల కాపరి వేణువులాంటి పలుకు వినిపిస్తుంది, నిద్ర లేపడానికి వచ్చిన దాది చేతిలో ఉత్తరం పెడుతుంది.

ముందే వినమని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఉత్తరం ఘట్టం మొదట్లో తత్యానా ఒక ఉద్వేగంతో అందుకునే వరస ఉంది, నేను నాశనమైపోతే అయిపోనీ అనే అర్థం వచ్చే మాటలతో. మూడో అంకంలో, పీటర్స్‌బర్గ్ విందులో ఆమెని చూసి, సందేహం లేదు, నేను ప్రేమలో పడ్డాను అని ఒనేగిన్ పాడేటప్పుడు చైకోవ్‌స్కీ అతని నోట్లో పెట్టింది సరిగ్గా ఆ వరసనే. ఏళ్ల తర్వాత, ఆలస్యం అయిపోయాక, అతను ఆమె పాట పాడుతున్నాడు, ఆ సంగతి అతనికి తెలియదు. తెలిసేది హాల్లో కూర్చున్నవాళ్లకే, అదీ ఆ పాట గుర్తున్నవాళ్లకి. మొదటిసారి వేరే ఊళ్లో చూసినప్పుడు నేను ఏమీ వినకుండా వెళ్లాను, ఆ చోటు నా ముందునుంచే దాటిపోయింది, మంచి పాట అనుకున్నాను అంతే. రెండోసారి వినపడింది. ఆ రాత్రి రైల్లో నిద్ర పట్టలేదు.

ఈ ఒపెరా పుట్టుక కూడా ఆవిడకి చెప్పండి, ప్రయాణంలో బాగా పనికొస్తుంది. రష్యన్ కవి పుష్కిన్ దీన్ని పద్యాల్లో నవలగా రాశాడు, పద్నాలుగు పాదాల చరణం ఒకటి దానికోసమే తయారుచేసుకుని. అందులో లెన్‌స్కీ ఎలా పోయాడో పుష్కిన్ తనూ అలాగే 1837లో ద్వంద్వయుద్ధంలో పోయాడు. చైకోవ్‌స్కీకి 1877 మే నెలలో ఒక గాయని ఈ కథ సూచించింది, అతను ముందు ఉత్తరం ఘట్టంతోనే మొదలుపెట్టాడు. అదే రోజుల్లో అంతోనీనా మిల్యుకోవా అనే అమ్మాయి అతనికి ప్రేమలేఖలు రాసింది. తను కూడా ఒనేగిన్‌లా ప్రవర్తించకూడదనుకున్నాడు, జులైలో పెళ్లి చేసుకున్నాడు, కొద్ది నెలల్లోనే ఆ కాపురం ముగిసిపోయింది, అతని ఆరోగ్యం కూడా దెబ్బతింది. ఒపెరా పూర్తి చేసింది 1878 మొదట్లో ఇటలీలోని సాన్ రెమోలో. దీన్ని పెద్ద గాయకులు ఆర్భాటంగా పాడకూడదని అతని పట్టుదల, ఒపెరా అని కూడా అనకుండా ‘లిరికల్ సీన్స్’ అని పేరు పెట్టాడు, 1879 మార్చిలో మాస్కోలో మొదటిసారి పాడింది కన్సర్వేటరీ (సంగీత కళాశాల) విద్యార్థులు. సంగీతం చెప్పే టీచరుకి ఈ ముక్క తప్పకుండా నచ్చుతుంది.

విసుగు సంగతి. మొత్తం సంగీతం రెండున్నర గంటలు, విరామంతో మూడు గంటలు పైచిలుకు. పద్య నాటకాలు రాత్రంతా చూసిన తరం కదా, నిడివి గురించి మీరు టెన్షన్ పడకండి. వేరే ఇబ్బంది రావచ్చు. మన చెవి ఒక గొంతుకీ ఒక శ్రుతికీ అలవాటుపడింది. తెర లేవగానే లోపల అక్కచెల్లెళ్లు ఒక పాట పాడుతుంటారు, బయట తల్లీ దాదీ పండ్ల పాకం కాస్తూ తమ పాత రోజులు తలుచుకుంటుంటారు, నాలుగు గొంతులూ ఒకేసారి, ఎవరి మాటలు వాళ్లవి. గందరగోళంగా అనిపిస్తే ఒక్క గొంతునే పట్టుకుని దాని వెంటే వెళ్లమని చెప్పండి, రాగం ఏదని వెతకొద్దనండి. కాసేపటికి మిగతావి వాటంతట అవే చుట్టూ చేరతాయి. ఇంకోటి, మీరు వెళ్లే వియన్నా స్టేట్ ఒపెరాలో మైకులు ఉండవు. 1,700 మందికి పైగా కూర్చునే హాలు, కింద నిండు ఆర్కెస్ట్రా, దాని మీదుగా ఒక మనిషి గొంతు పైవరసదాకా వస్తుంది. గొంతు సాధన అంటే ఏమిటో తెలిసినవాళ్లని ఇది కదిలించినంతగా మనలాంటివాళ్లని కదిలించదు. ఆర్కెస్ట్రా కూడా మామూలుది కాదు, పేరుమోసిన వియన్నా ఫిల్‌హార్మొనిక్ బృందం సభ్యులు ఈ ఒపెరా హౌస్ వాద్యబృందంలోంచే వస్తారు.

చిన్న ఘట్టాల్లో నాకు బాగా ఇష్టమైనది, తోటలో ఆడపిల్లలు పండ్లు కోస్తూ పాడే కోరస్. వాళ్లని ఎందుకు పాడమంటారో పుష్కిన్ రాశాడు, నోరు పాటతో నిండి ఉంటే యజమాని తోటలో పండ్లు వాళ్లు దొంగచాటుగా తినకుండా ఉంటారని. ఎంత తియ్యగా ఉంటుందో ఆ పాట! మిరపచేలల్లో కూలి పాటలు విన్న ఊరి మనిషికి దీని సంగతి మీరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు టికెట్లు. ముందు ఒక పొరపాటు జరగకుండా చూసుకోండి, చాలామంది చేస్తారు. ‘ఒనేగిన్’ అనే పేరుతో జాన్ క్రాంకో 1965లో ష్టుట్‌గార్ట్‌లో చేసిన బ్యాలే (నృత్య నాటకం) ఒకటి ఉంది, వియన్నాలో కూడా వేస్తుంటారు. అదే కథ, సంగీతమూ చైకోవ్‌స్కీదే, కానీ ఈ ఒపెరాలోని సంగీతం అందులో ఒక్క ముక్క కూడా లేదు, ఎవరూ పాడరు. క్యాలెండర్‌లో పేరు ముందు ‘యూజీన్’ ఉందా, జర్మన్ పేజీలో అయితే ‘ఓయ్‌గేన్’ ఉందా, పక్కన ఒపెరా అని ఉందా బ్యాలే అని ఉందా చూసుకుని అప్పుడు కొనండి. కొనేది వియన్నా స్టేట్ ఒపెరా సొంత వెబ్‌సైటులోనే కొనండి, మధ్యవర్తుల దగ్గర ఎక్కువ డబ్బు పోయాల్సి వస్తుంది. ఒపెరా చుట్టూ మోజార్ట్ కాలపు కోటూ విగ్గూ వేసుకుని టికెట్లు అమ్మేవాళ్లు కనపడతారు, వాళ్లవి టూరిస్టుల కోసం పెట్టే వేరే కచేరీలు, వాటికీ మీరు చూడబోయేదానికీ సంబంధం లేదు.

సీటు ఎక్కడ అంటే, నా సలహా గ్యాలరీ మధ్యభాగం, అంటే అన్నిటికన్నా పైఅంతస్తు, స్టేజీకి ఎదురుగా. ధర తక్కువ, స్టేజీ దూరమే గానీ శబ్దం అద్భుతంగా పైకి వస్తుంది. బాక్సు (కొద్దిమందికే విడిగా ఉండే చిన్న గది) అంటే రాజాగా ఉంటుందనుకుని బాక్సులో వెనక వరస తీసుకోవద్దు, ముఖ్యంగా పక్క బాక్సులు. నేను ఒకసారి అలాగే తీసుకుని సగం స్టేజీ కనపడక, తత్యానా మంచం సరిగ్గా కనపడని సగంలోనే ఉండి, మొత్తం ఉత్తరం ఘట్టం ముందువాళ్ల భుజాలు చూస్తూ విన్నాను. స్టాండింగ్ మీరు ఒక్కరే అయితే తప్పకుండా చెయ్యాల్సిన పని, వియన్నాలో అదొక గొప్ప అలవాటు. ప్రదర్శన రోజునే అమ్ముతారు, 20 యూరోల లోపే వస్తుంది, లోపలికి వెళ్లి మీ చోటు దగ్గర కమ్మీకి కండువా కట్టేస్తే ఆ చోటు మీదే, ఎవరూ విప్పరు. కానీ ప్రయాణం చేసి వచ్చిన అమ్మగారిని మూడు గంటలు నిలబెట్టకండి. ఆవిడకి గుర్తుండాల్సింది మోకాళ్ల నొప్పి కాదు కదా.

ప్రతి సీటు ముందూ చిన్న తెర ఉంటుంది, పాడే మాటల అనువాదం అందులో వస్తుంది, భాష ఎంచుకోవచ్చు, ఇంగ్లీషు ఉంటుంది, తెలుగు ఉండదు. అమ్మగారు అది చదవలేకపోతే మీరు చెవిలో అనువాదం చెప్పాలని చూడకండి, గుసగుస కూడా పై అంతస్తులో అందరికీ వినపడుతుంది, పక్కవాళ్లు ఊరుకోరు. దానికి మందు మ్యూనిక్-వియన్నా రైలే. రైల్‌జెట్ అనే వేగపు రైల్లో దాదాపు నాలుగు గంటలు, సాల్జ్‌బర్గ్, లింజ్ మీదుగా. ఆ నాలుగు గంటల్లో ఏడు రంగాలూ ఒక్కొక్కటిగా చెప్పండి, ఏ గొంతు ఎవరిదో కూడా: తత్యానా సొప్రానో, ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైది, ఓల్గా ఆడగొంతుల్లో మంద్రం, లెన్‌స్కీ టెనర్, మగగొంతుల్లో పైది, ఒనేగిన్ దానికంటే కిందిదైన బారిటోన్, చివర్లో వచ్చే గ్రెమిన్ బాస్, అన్నిటికన్నా లోతు. ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి, విరామంలో చూసుకుంటారు. ఇలా చేస్తే ఆవిడకి తెర అవసరమే రాదు. నేను మా అత్తగారి విషయంలో ఇదే చేశాను, ఆవిడ లెన్‌స్కీ చావుకి ముందు పాడే పాట దగ్గర కళ్లు తుడుచుకున్నారు, ఒక్క మాట అర్థం కాకపోయినా.

రైలు టికెట్ ఆస్ట్రియా రైల్వే ఓబీబీ సైటులో ముందుగా తీసుకుంటే చాలా తక్కువకి దొరుకుతుంది, కాకపోతే ఆ రైలుకే చెల్లుతుంది, తప్పిపోతే అంతే. సీటు రిజర్వేషన్ విడిగా కొనాలి, కొనండి, శనివారాలు నిలబడాల్సి వస్తుంది. ప్రదర్శన రోజు పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి చేరండి, సాయంత్రం రైలు మీద ఆశ పెట్టుకోవద్దు, జర్మనీ వైపు రైళ్ల ఆలస్యం మీకు చెప్పక్కర్లేదు, ఒపెరా మొదలయ్యాక వచ్చినవాళ్లని విరామందాకా లోపలికి పంపరు. అంటే ఉత్తరం ఘట్టమే పోతుంది. హోటల్ వియన్నా ప్రధాన స్టేషన్ దగ్గరే తీసుకుంటే మంచిది, అక్కణ్నుంచి యు1 మెట్రోలో రెండో స్టాపు కార్ల్స్‌ప్లాట్జ్, దిగితే ఒపెరానే. శుక్ర, శనివారాల్లో మెట్రో రాత్రంతా నడుస్తుంది.

ఆ మధ్యాహ్నం ఊరు చూడొద్దు. దీనికి మీరు ఒప్పుకోరని తెలుసు, డబ్బు పెట్టి వెళ్లి గదిలో పడుకోవడమా అనిపిస్తుంది. కానీ షోన్‌బ్రున్ ప్యాలెస్ తోటలన్నీ తిరిగి సాయంత్రం హాల్లో కూర్చుంటే రెండో అంకానికి కళ్లు మూతలు పడతాయి, చెవి అలిసిపోతుంది. హోటల్లో అన్నం తిని ఒక గంట పడుకోండి. ఇంటినుంచి పులిహోర తీసుకెళ్లండి, ఆవిడ శాకాహారి అన్నారు కాబట్టి ఇదే తేలిక. ఒపెరా వెనకాల ప్రసిద్ధమైన బండి ఉంది గానీ అక్కడ సాసేజీలే. ఐదున్నరకల్లా తినేసి వెళ్తే విరామంలో కాఫీ చాలు. ఊరు మర్నాడు చూడండి, అదీ ఒకే ఒక్క చోటు: బెల్వెడేర్, స్టేషన్‌నుంచి నడిచి వెళ్లొచ్చు, క్లిమ్ట్ వేసిన ‘ముద్దు’ చిత్రం అక్కడే ఉంది. తర్వాత రైలు.

చీర తప్పకుండా కట్టుకోమనండి. మంగళగిరి పట్టు అయితే ఇంకా బాగుంటుంది, అక్కడ ఎవరూ వింతగా చూడరు, సంతోషంగా చూస్తారు. నవంబరు కదా, లోపల థర్మల్, కాళ్లకి బూట్లు, పైన కోటు. కోట్లు గార్డెరోబ్‌లో (కోట్లు దాచిపెట్టే కౌంటర్) ఇచ్చేయాలి, లోపలికి తీసుకెళ్లనివ్వరు, కాబట్టి అరగంట ముందు చేరండి. మీరు జీన్స్ వేసుకున్నా గెంటెయ్యరు గానీ, ఆ రోజుకి ఒక మంచి చొక్కా వేసుకోండి.

భవనం చూసి ఆవిడ ఒకటి అడగొచ్చు, ముందు మెట్లూ వసారాలూ అంత వైభవంగా ఉండి హాలు ఇంత సాదాగా ఉందేమిటని. 1869లో తెరిచిన భవనం, 1945 మార్చి 12న బాంబులు పడి హాలూ స్టేజీ కాలిపోయాయి, ముందుభాగం మిగిలింది. మళ్లీ కట్టి 1955 నవంబరులో బీథోవెన్ ‘ఫిదేలియో’తో తెరిచారు. మీరు కూర్చునే హాలు అది.

ఇంకో విషయానికి ముందే సిద్ధం చెయ్యండి. స్టేజీ మీద 1820ల రష్యా గౌన్లూ మంచూ కనపడకపోవచ్చు. దర్శకుడు ద్మీత్రి చెర్న్యకోవ్ మాస్కో బల్షోయ్ థియేటర్లో 2006లో చేసిన ప్రదర్శనని వియన్నా 2020లో తెచ్చుకుంది. అందులో కథంతా ఒక పెద్ద భోజనాల బల్ల చుట్టూ జరుగుతుంది, ద్వంద్వయుద్ధం కూడా బయట మంచులో కాదు, ఆ గదిలోనే పెనుగులాటలో తుపాకి పేలుతుంది. అది చూసి ప్రసిద్ధ రష్యన్ గాయని గలీనా విష్నేవ్‌స్కయా ఎంతో బాధపడింది. నాకు మాత్రం ఆ బల్ల చాలా నచ్చింది, పదిమంది తింటూ నవ్వుతూ ఉండగా ఒక మనిషి ఒంటరిగా ఎలా ఉంటుందో అంత బాగా ఇంకెక్కడా చూడలేదు. మీరు వెళ్లే తేదీకి ఏ దర్శకుడిదో సైటులో రాసి ఉంటుంది, ఫోటోలు కూడా ఉంటాయి, అమ్మగారికి ముందే చూపించండి. తెలిసి వెళ్తే అడ్డు కాదు.

మీ స్నేహితురాలు అడిగిన ప్రశ్న, ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం జరుగుతుండగా రష్యన్ ఒపెరాకి వెళ్లొచ్చా అని. తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. 2022 మార్చిలో వార్సాలోని జాతీయ ఒపెరా ‘బోరిస్ గదునోవ్’ అనే రష్యన్ ఒపెరాని ఆపేసింది, అదే ఏడాది డిసెంబరు 7న మిలాన్‌లోని లా స్కాలా, ఉక్రెయిన్ వాళ్లు అభ్యంతరం చెప్పినా, అదే ఒపెరాతో సీజన్ మొదలుపెట్టింది. రెండు వైపులా బాధలో నిజం ఉంది. నేను పాడేవాళ్లెవరో చూసుకుంటాను, ఈ యుద్ధాన్ని సమర్థించేవాళ్లు ఉంటే ఆ రోజు వెళ్లను. 1893లో చనిపోయిన చైకోవ్‌స్కీని, ఒక పల్లెటూరి అమ్మాయి ఉత్తరాన్ని మాత్రం వదులుకోలేను. మీ స్నేహితురాలు ఒప్పుకోకపోతే వాదించకండి, ఆమెది ఆమె ఇష్టం.

వీసా గురించి. జర్మనీ ఇచ్చిన షెంజెన్ వీసా ఆస్ట్రియాకీ చెల్లుతుంది, ఆవిడ స్టిక్కర్ మీద ‘షెంజెన్ స్టేట్స్’ అని (జర్మన్‌లో ‘Schengener Staaten’) ఉందో లేదో ఒకసారి చూడండి. మీరు రెసిడెన్స్ పర్మిట్ కార్డుతోపాటు పాస్‌పోర్టు కూడా పెట్టుకోండి, కార్డు ఒక్కటే చాలదు. వెళ్లేటప్పుడు ఎవరూ అడగకపోవచ్చు గానీ తిరిగొచ్చేటప్పుడు సాల్జ్‌బర్గ్ దాటాక జర్మన్ పోలీసులు రైలెక్కి చూస్తుంటారు. పాస్‌పోర్టులు పైన సూట్‌కేసులో కాకుండా మీ చేతిసంచిలో ఉంచుకోండి, ఆవిడ నిద్రపోతుంటే లేపకుండా మీరే చూపించొచ్చు. తేదీ ఖాయమయ్యాక సీట్ల పటంలో మీకు దొరుకుతున్నవి ఏవో రాయండి, ఏ వరస తీసుకోవాలో చెప్తాను.